తిరిగే ఐసు బిళ్ళ: బేస్‌మెంటులో ఒకటి, వెనక డెక్కు మీద ఇంకొకటి

నవంబరు చివర

ఈ చలికాలం పెట్టుకున్న పని ఇది. చలిదేశాల నదుల్లో అప్పుడప్పుడు గుండ్రటి ఐసు బిళ్ళలు ఏర్పడి, ఎవరూ తిప్పకుండానే నిదానంగా తిరుగుతుంటాయి. అలాంటిది ఇంట్లో తయారు చేయాలి. మేముండేది అమెరికాలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం దక్షిణాన, నాషువా ఊరి దగ్గర. చలికి ఇక్కడ కొదవ లేదు, ఖర్చు లేకుండా దొరికేది అదొక్కటే.

ఈ బిళ్ళల్లో అందరికీ తెలిసింది 2019 జనవరిలో మెయిన్ రాష్ట్రంలోని వెస్ట్‌బ్రుక్ ఊళ్లో, ప్రిసంప్‌స్కాట్ నది మీద ఏర్పడింది. అడ్డంగా సుమారు 300 అడుగులు, అంటే 91 మీటర్లు. ఊరి నడిబొడ్డున, పాత మిల్లు భవనం పక్కనే, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరిగింది. డ్రోన్ వీడియో ప్రపంచమంతా చుట్టేసింది. బాతులు దాని మీద కూర్చుని తిరిగాయి. గ్రహాంతరవాసుల పని అన్నవాళ్లూ ఉన్నారు, అది మామూలే. నిజానికి ఇది కొత్త వింత కాదు. కనెక్టికట్, న్యూయార్క్ రాష్ట్రాల్లో పారే మియానస్ నది మీద కనిపించిన ఇలాంటి బిళ్ళ గురించి 1895లోనే సైంటిఫిక్ అమెరికన్ పత్రిక రాసింది. 2013 నవంబరులో నార్త్ డకోటాలో షయెన్ నది మీద 55 అడుగులది కనిపించింది. స్వీడన్‌లో పీటె నది మీది పెద్ద బిళ్ళల గురించి 1997లో ఒక పరిశోధన వ్యాసం కూడా వచ్చింది.

నన్ను ఈ పనిలోకి దింపింది మాత్రం కారణం దగ్గర వచ్చే గందరగోళం. వెస్ట్‌బ్రుక్ బిళ్ళ ఎందుకు తిరిగిందని ఎక్కడ చదివినా రెండు కథలు కలిపి వండుతారు. ఒకటి: నది మలుపులో సుడి ఉంటుంది, బిళ్ళ ఆ సుడితో పాటు తిరుగుతుంది. రెండోది: బెల్జియంలో లియేజ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన ప్రయోగం. కదలని నీళ్లలో వదిలినా ఐసు బిళ్ళ తిరుగుతుందని వాళ్లు చూపించారు. కరిగే ఐసు కింది నీళ్లను చల్లబరుస్తుంది. నీరు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర కాబట్టి ఆ చల్లబడిన నీరు కిందికి దిగుతుంది. దిగేటప్పుడు చుట్టుపక్కల నీటిని లోపలికి లాక్కుంటుంది. మధ్యకు వచ్చేకొద్దీ నీటిలో ఉన్న ఏ కాస్త తిరుగుడైనా వేగం పుంజుకుని బిళ్ళను కూడా తిప్పుతుంది.

రెండూ నిజమే అయి ఉండొచ్చు. కానీ గడ్డకట్టే నదిలో నీరు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ 4 డిగ్రీల కథ ఎలా నడుస్తుంది? దీన్ని నా కళ్లతో తేల్చుకోవాలి. అందుకే ప్రాజెక్టు రెండు భాగాలు: బేస్‌మెంటులో కదలని నీళ్లు, బయట, ఇంటి వెనక అరుగులాంటి డెక్కు మీద పారే నీళ్లు.

డిసెంబరు మొదట్లో: అచ్చులు

లియేజ్ వాళ్ల బిళ్ళలు చిన్నవి, 85 మిల్లీమీటర్లవి. పెట్రీ డిష్షుల్లో, అంటే ప్రయోగశాలల్లో వాడే చిన్న గుండ్రటి పళ్ళేల్లో గడ్డకట్టించారు. నేను వంటింట్లోంచి నిలువు అంచున్న చిన్న స్టీలు పళ్ళేలు తెచ్చుకున్నాను. మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: రంగు కలిపిన పళ్ళెం మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

నీళ్లు కాచి చల్లార్చి పోస్తే లోపల బుడగలు తగ్గుతాయి. అసలు సమస్య వేరే. పళ్ళెంలో నీళ్లు అంచుల నుంచి, పైనుంచి గడ్డకడతాయి కాబట్టి చివరికి మధ్యలో ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బుతో నీళ్లలో వదిలితే బిళ్ళ ఒక పక్కకు వాలి తేలుతుంది. వేడినీళ్లలో ముంచి తీసిన స్టీలు ప్లేటు మీద బిళ్ళను తిప్పుతూ అరగదీస్తే సమంగా వస్తుంది. చేతులు కొంకర్లు పోతాయి, గ్లవ్స్ తప్పనిసరి.

మధ్యలో ఒక స్టీలు బాల్ పెట్టాను, సైకిల్ బేరింగులోది. అది ఎందుకో కింద రాస్తాను. నీళ్లు గడ్డకట్టేలోపు ఆ బాల్ దొర్లిపోకుండా పళ్ళెం కింద అయస్కాంతం ఉంచి ఫ్రీజర్లో పెట్టాలి. పళ్ళెం అయస్కాంతానికి అంటుకోని రకం స్టీలుదైతేనే ఇది కుదురుతుంది. అంచు దగ్గర నల్లదారం ముక్క గడ్డకట్టించాను, ఎంత తిరిగిందో ఫొటోల్లో తెలియడానికి.

వీటితో పాటు అదే పళ్ళెంలో కొవ్వొత్తుల మైనం కరిగించి పోసి ఇంకో బిళ్ళ చేశాను. మైనం సాంద్రత దాదాపు ఐసు సాంద్రతే, నీళ్లలో ఇంచుమించు అంతే లోతు మునుగుతుంది. కరగదు, నీళ్లను చల్లబరచదు. ఐసు బిళ్ళ తిరిగి, మైనం బిళ్ళ తిరగకపోతేనే ఆ తిరుగుడు కరగడం వల్ల వచ్చిందని చెప్పగలం. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన వస్తువు ఏదంటే నేను ఈ మైనం బిళ్ళనే చూపిస్తాను.

డిసెంబరు మధ్యలో: గోడకు అంటుకునే రోగం

బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బు, అందులో సగానికి పైగా నీళ్లు. బిళ్ళ వదలగానే మెల్లగా జరుగుతూ పోయి గోడకు అతుక్కుంది. మళ్లీ మధ్యకు నెట్టినా మళ్లీ అంతే. నీటి తలతన్యత వల్ల తేలే చిన్న వస్తువులన్నీ ఇలాగే గోడ వైపు లాగబడతాయి. ఒకసారి గోడకు తగిలితే ఇక తిరగడం లేదు.

స్టీలు బాల్ పని ఇక్కడే. లియేజ్ వాళ్లు కూడా బిళ్ళలో నికెల్ పూస పెట్టి, అయస్కాంతంతో దాన్ని ఒకచోట నిలిపారు. నేను టబ్బు మీద అడ్డంగా చెక్క పట్టీ వేసి, దాని కింద బిళ్ళ మధ్యకు సరిగ్గా పైన అయస్కాంతం అంటించాను. బాల్ పైకి ఉండేలా బిళ్ళను తిరగేసి వదలాలి. అయస్కాంతం మరీ దగ్గరగా ఉంటే బిళ్ళ లేచి దానికి కరుచుకుంటుంది, మరీ దూరమైతే పట్టు ఉండదు. చెక్క కింద అట్టముక్కలు పెడుతూ తీస్తూ ఎత్తు సర్దుకోవాలి. కుదిరాక బిళ్ళ ఉన్నచోటే ఉంటుంది, ఎటైనా తిరగగలదు.

ఫోను పైన బిగించి కొన్ని సెకన్లకొక ఫొటో తీసేలా పెట్టాను. మొదటిసారే ఐసు బిళ్ళ చక్కగా తిరిగింది. ఇంట్లో అందరూ కిందికి వచ్చి చూశారు. మా అమ్మాయి మాత్రం, "నాన్నా, ఇప్పుడు మైనంది పెట్టు" అంది. పెట్టాను. అదీ తిరిగింది.

నీళ్లు పోసినప్పటి కదలిక మనం అనుకున్నంత తొందరగా చావదు. పైకి అద్దంలా కనిపిస్తుంది గానీ లోపల గంటల తరబడి మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే అప్పటి నుంచి ఇదే పద్ధతి: రాత్రి నీళ్లు నింపి, పైన మూత పెట్టి వదిలేయడం. పొద్దున ముందు మైనం బిళ్ళ పెట్టి చూడడం. అది నిలబడి ఉంటేనే ఐసుది వదలడం. మూత ఎందుకంటే బేస్‌మెంటులో హీటరు గాలి నీటి పైభాగాన్ని తోస్తుంది. నీళ్లు కూడా గది వేడికే రావాలి. వేడినీళ్లు పోస్తే అవి చల్లారేటప్పుడు తమలో తామే కలియబెట్టుకుంటాయి, ఆ లెక్క ఇక నమ్మలేం.

డిసెంబరు చివర: తిరిగిందా?

తిరిగింది. గది వేడికి, అంటే 18 డిగ్రీలకు కాస్త అటూఇటూ ఉన్న నీళ్లలో, మైనం బిళ్ళ నిలబడిపోయిన అదే నీళ్లలో, ఐసు బిళ్ళ కాసేపు ఊరుకుని తర్వాత నిదానంగా తిరగడం మొదలుపెట్టింది. కంటితో చూస్తే కదులుతున్నట్టే ఉండదు. ఫొటోలు వరసగా నడిపిస్తే దారం ముక్క చుట్టూ తిరిగి రావడం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కోసారి ఈ దిక్కున, ఒక్కోసారి ఆ దిక్కున. దిక్కు నియమమేమీ నాకు కనిపించలేదు. మైనం బిళ్ళకు కనిపించనంత చిన్న కదలిక నీళ్లలో ఏది మిగిలి ఉంటే దాన్నే ఐసు పెంచి పెద్దది చేస్తున్నట్టుంది.

ఇప్పుడు రంగు సంగతి. ముందు రంగు కలిపిన ఐసు బిళ్ళ చేశాను. పనికిరాలేదు. నీరు గడ్డకట్టేటప్పుడు తనలో కలిసినదాన్ని బయటికి నెట్టేస్తుంది కాబట్టి రంగంతా మధ్యలో ఒక ముద్దగా చేరింది, అంచుల్లో ఐసు తెల్లగానే ఉంది. దాని బదులు మందుల షాపులో దొరికే సిరంజికి సన్నటి గొట్టం తగిలించి, బిళ్ళ కింద చుక్క చుక్కగా రంగునీళ్లు వదిలాను. చుక్క బిళ్ళ అడుగున కాసేపు పరుచుకుని, మధ్య వైపు లాగబడి, సన్నటి ధారలా టబ్బు అడుగుకు దిగింది. ధార నిటారుగా దిగలేదు, మెలి తిరుగుతూ దిగింది. లియేజ్ వ్యాసంలో చెప్పింది నా టబ్బులో కళ్లెదుట జరుగుతుంటే, నిజం చెప్పాలంటే, పండగలా అనిపించింది.

మరుసటి వారం టబ్బును గ్యారేజీలోకి మార్చాను. అక్కడ నీళ్లు 2, 3 డిగ్రీల దగ్గర నిలబడ్డాయి. అదే బిళ్ళ, అదే అయస్కాంతం, అదే సిరంజి. బిళ్ళ కదల్లేదు. రంగు చుక్క కిందికి దిగలేదు. బిళ్ళ అడుగునే పల్చగా పరుచుకుని, అంచుల వైపు పాకి, అక్కడే పైన నిలిచింది. లెక్క సరిగ్గానే ఉంది: 4 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో, ఐసు ఇంకా చల్లబరిచిన నీరు బరువెక్కదు, తేలికవుతుంది. తేలికైన నీరు దిగదు. దిగే ధార లేకపోతే తిప్పేదేమీ లేదు.

నా అనుమానం ఇంతవరకు తీరింది. జనవరిలో సున్నా దగ్గరున్న నది నీళ్లలో వెస్ట్‌బ్రుక్ బిళ్ళను తిప్పింది ఈ ధార అయ్యే వీల్లేదు. లియేజ్ ప్రయోగంలో తప్పేమీ లేదు, అది గొప్ప ప్రయోగం. దాన్ని తెచ్చి ప్రతి నదికీ అతికించేవాళ్లతోనే నా పేచీ.

జనవరి మొదట్లో: నది దగ్గర

పారే నీళ్ల భాగం మొదలుపెట్టేముందు అసలు సుడి ఎలా ఉంటుందో చూడడానికి సుహీగన్ నది ఒడ్డుకు వెళ్లాం. నాషువాకు ఉత్తరాన మెరిమాక్ నదిలో కలిసే చిన్న నది. ఒడ్డు నుంచే చూడాలి, ఐసు మీద అడుగు పెట్టకూడదు. పారే నీటి మీది ఐసు ఎక్కడ మందమో ఎక్కడ పల్చనో పైనుంచి చెప్పలేం.

సుడులు ఎక్కడున్నాయో తెలియాలంటే నురగ చూడాలి. రాయి వెనక, మలుపు లోపలి పక్క, వంతెన స్తంభం దాటాక, నురగ ఒకచోట గుమిగూడి మెల్లగా తిరుగుతూ కనిపిస్తుంది. ప్రధాన ప్రవాహం పక్కనుంచి దూసుకుపోతూ ఒడ్డు పక్క నీటిని ఈడుస్తుంది. ఆ నీరు ఒడ్డు వెంబడి వెనక్కి వచ్చి చుట్టు తిరుగుతుంది. ఏటి వాలుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమ ఒడ్డు సుడి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, కుడి ఒడ్డుది ముల్లు దిక్కున. భూమి తిరగడం వల్ల దిక్కు వస్తుందని కొందరు అంటారు గానీ, ఇంత చిన్న సుడుల్లో ఆ ప్రభావం లెక్కలోకి రాదు.

చలి బాగా పట్టిన రోజుల్లో ఇక్కడి నీళ్లలో ఫ్రేజిల్ అనే సన్నటి ఐసు పలుకులు తేలుతూ వస్తాయి. అలలతో కలియబడే నీరు సున్నా కంటే డిగ్రీలో కొద్ది వందో వంతులు కిందికి చల్లబడితే చాలు, అవి నీటి లోపలే పుడతాయి. ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. సుడిలో చిక్కిన ముద్ద బయటికి పోలేదు, తిరుగుతూ వచ్చిన పలుకునల్లా తనకు అంటించుకుంటుంది. ఈలోపు ఒడ్డు నుంచి కూడా ఐసు పెరుగుతూ వస్తుంది. తిరిగే ముద్దకు ఎక్కడ మూల ఉంటే అది ఒడ్డు ఐసుకు తగిలి అరుగుతుంది, ఒడ్డు ఐసులో ఎక్కడ మొన ఉంటే అదీ అరుగుతుంది. రెండు వైపులా అరిగి మధ్యన గుండ్రటి సందు మిగులుతుంది. నదిలో ఇంత కచ్చితమైన వృత్తం రావడానికి కారణం ఈ అరుగుడే. అంచు ఐసు పొడిలా రాలి సందులో తెల్లటి గీతలా కనిపిస్తుంది. ఒకసారి తిరగడం ఆగిందంటే ఆ సందు గడ్డకట్టిపోతుంది. వెస్ట్‌బ్రుక్‌లో కూడా చివరికి బిళ్ళ ఒడ్డుకు పట్టేసి ఆగిపోయింది.

పూర్తి బిళ్ళ మాకు దొరకలేదు. పళ్ళెమంత ముద్దలు రెండు మూడు ఒకే సుడిలో ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరగడం చూశాం. అవి కూడా గుండ్రంగానే ఉన్నాయి.

ఆ రాత్రి రాజమండ్రి దగ్గర మా ఊరికి ఫోన్ చేసి నాన్నగారికి వీడియో చూపించాను. "ఇందులో వింతేముందిరా? వరదలో గోదారి సుడిలో పడ్డ దుంగ కూడా అంతే తిరుగుద్ది. బయటికి పోలేదు, మునగలేదు" అన్నారు. ఆయనకు ఐసు బిళ్ళ కంటే మేం ఆ చలిలో నది ఒడ్డున ఎందుకు నిలబడ్డామన్నదే పెద్ద ప్రశ్న.

జనవరి మధ్య నుంచి: డెక్కు మీద నది

పొడవాటి, లోతు తక్కువ టబ్బు ఒకటి కొన్నాను. అల్యూమినియం రేకును వంచి మధ్యలో గోడలా నిలబెట్టి, ఒక పక్క నీరు పారే దారి, ఇంకో పక్క ఆ దారిలోకి తెరుచుకున్న గుండ్రటి జేబు వచ్చేలా చేశాను. ఒక చివరనుంచి నీళ్లు తీసి ఇంకో చివర పోయడానికి చేపల తొట్టి పంపు. ముందు బేస్‌మెంటులోనే మైనం ముక్కలు వేసి చూశాను. జేబు నోరు మరీ వెడల్పుగా ఉంటే ముక్కలు కొట్టుకుపోతున్నాయి. మరీ ఇరుకుగా ఉంటే లోపల సుడి పుట్టడం లేదు. రేకు వంచుతూ, సవరిస్తూ, ముక్కలన్నీ జేబులో చేరి నిలకడగా తిరిగేదాకా కూర్చున్నాను. రేకును తీసి అవతలి పక్కకు పెడితే దిక్కు మారింది.

బయట −10 డిగ్రీల దాకా పడిపోయే రాత్రి చూసి టబ్బును వెనక డెక్కు మీదికి మోశాం. నీళ్లు, కరెంటు ఒకచోట ఉన్నాయి కాబట్టి షాక్ కొడితే వెంటనే ఆగిపోయే ప్లగ్గుకే పంపు తగిలించాను, వైరు నీళ్ల కంటే ఎత్తుగా పోయేలా కట్టాను. ఇది చేసేవాళ్లు ఎవరైనా ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి.

ఫ్రేజిల్ కోసం ఎదురుచూస్తే తెల్లారిపోతుంది. నీళ్లు సున్నాకు దగ్గరయ్యాక మా అమ్మాయి డెక్కు మీద మంచు చేత్తో తీసి గుప్పెళ్లుగా ప్రవాహంలో చల్లింది. మంచు నీళ్లలో కలిసి జావలా అయి, జేబులోకి చేరి, తిరగడం మొదలుపెట్టింది. ఇక్కడిదాకా సులువే. తర్వాత పంపు మూతికి ఆ జావ పట్టేసి ప్రవాహం ఆగింది. టీ వడకట్టే జాలీని మూతికి అడ్డంగా కట్టి, దాని ముందు ఇంకో వలముక్క నిలబెట్టాక పంపు దారికి వచ్చింది.

మొదటి రాత్రుల్లో జావముద్ద గట్టిపడేలోపే రేకు గోడకు అతుక్కుపోయింది. రేకు గాలికి బాగా చల్లబడుతుంది, నీళ్లకంటే ముందే దాని మీద ఐసు పడుతుంది. నదిలో ఒడ్డు మట్టి, రాయి అంత తొందరగా చల్లబడవు. రేకు తీసేసి దాని బదులు మందపాటి ఫోమ్ షీటు కోసి పెట్టాను. అప్పుడు వచ్చింది. జేబు గోడ నుంచి ఐసు మెల్లగా లోపలికి పెరిగింది, మధ్యలో ముద్ద తిరుగుతూ గట్టిపడింది, మధ్యన సందు మాత్రం తెరిచే ఉంది. టార్చిలైటు వేసి చూస్తే ముద్ద అంచు ఒకచోట పొడుచుకువచ్చి ఉంది. అది తిరిగినప్పుడల్లా ఒడ్డు ఐసుకు తగిలి కిచకిచమంటూ పొడి రాలుస్తోంది. కాసేపయ్యాక ఆ మొన లేదు. మిగిలింది చిన్న పళ్ళెమంత బిళ్ళ, కొంచెం కోలగా ఉన్నా వృత్తమనే అనాలి. అచ్చు లేదు, అయస్కాంతం లేదు. నీళ్లు సున్నా దగ్గరే ఉన్నాయి, దిగే ధార ఊసే లేదు.

పంపు ఆపి చూడాలన్నది మా అమ్మాయి ఆలోచన. ఆపాం. బిళ్ళ మరి కొన్ని చుట్లు తిరిగి ఆగింది. తిరిగి పంపు వేస్తే మళ్లీ మొదలైంది. కాస్త ఎక్కువసేపు ఆపి ఉంచితే సందు గడ్డకట్టి, పంపు వేసినా కదల్లేదు. ఆ సందును స్క్రూడ్రైవరుతో చుట్టూ గీకితే మళ్లీ తిరిగింది. ఐసు కారౌసెల్ అని మనుషులు చేసేది ఇదే. గడ్డకట్టిన సరస్సులో గుండ్రంగా రంపంతో కోసి, మోటారుతో తిప్పుతారు. మెయిన్ రాష్ట్రంలోని సింక్లేర్‌లో 2018లో 427 అడుగులది అలా తిప్పారు. అదొక సరదా, దానికి నది అక్కర్లేదు.

ఫిబ్రవరి: ఇప్పటి పరిస్థితి

బేస్‌మెంటు టబ్బు పని ముగిసింది, మైనం బిళ్ళ మా అమ్మాయి స్కూలు సైన్స్ ప్రదర్శనకు పోతోంది. దాని పక్కనే రెండు వీడియోలు నడుస్తాయి: వెచ్చటి నీళ్లలో రంగు ధార దిగేది ఒకటి, చల్లటి నీళ్లలో దిగనిది ఒకటి. కింద రాయాల్సిన వాక్యం మీద ఇంట్లో వాదన నడిచింది. నేను "నది బిళ్ళను తిప్పేది సుడి" అని రాయమన్నాను. తను "మా టబ్బులో తిప్పింది సుడి" అని రాస్తానంది. తన వాక్యమే సరైనది, చివరికి అదే రాయమన్నాను.

డెక్కు మీది నది ఇంకా విప్పలేదు. జేబు వెడల్పును రెట్టింపు చేసే ఫోమ్ ముక్క కోసి పెట్టాను. దానికి ఇప్పుడున్న పంపు చాలదు, ఇంకోటి కొని రెండూ పక్కపక్కన పెట్టాలి. వాతావరణ సూచనలో వచ్చే వారం రెండు రాత్రులు −12కు పోతుందని ఉంది.